సంశయపీడితులకు కొలువు



తాళము వేసి, నాలుగడుగులు నడచి, మరల వచ్చి తాళమును లాగి చూచుట మనలో అందఱును ఎప్పుడో ఒకప్పుడు చేసిన పనియే. ఒకసారి చూచి తృప్తిపడినవాడు తన దారిని తాను పోవును. ఇరువదిసారులు చూచియు తృప్తిపడలేక, గుమ్మమువద్దనే ప్రొద్దు గడపి, ఆ కారణముచేత కొలువు పోగొట్టుకొనువారు కొందఱు కలరు. నేడు వారిని గూర్చి ముచ్చటింపదలచితిని. వారి వ్యాధి యెట్టిది, ఆ వ్యాధితోకూడ వారు ఉద్యోగము చేసికొని బ్రతుకుట యెట్లు, అందులకు మనబోటి పెద్దలు చేయదగిన సాయమేది యన్నదియే నా ప్రసంగ విషయము.

నేను వైద్యుడను కాను. ముప్పదియైదేండ్లు పిల్లలకు తెలుగు చెప్పిన పంతులను. ఈ విషయమున నా కన్ను తెఱపించినవాడు నా శిష్యుడొకడు. అతని పేరును ఊరును చెప్పను. బడిలో నున్న దినములలో అతని వ్రాతపుస్తకము ముత్యాలపేరువలె నుండెడిది. ఒక్క అక్షరము వంకరపోయిన చాలు, కాగితము చించి మొదటినుండి వ్రాసెడివాడు. నేను ఆ పుస్తకమును తరగతిలో అందఱకును చూపి, శ్రద్ధయన్న ఇట్లుండవలెనని మెచ్చుకొంటిని. ఒక్క పుట వ్రాయుటకై ఆ పసివాడు నడిరేయి దాక మేలుకొనుచుండెనని అప్పుడు నాకు తెలియదు.

అతడు పెద్దవాడై, బి.కాం. చదివి, ఒక పట్టణమున పరపతి సంఘములో గుమాస్తాగా చేరెను. లెక్కలలో దిట్ట. కాని కూడిక వేసినపిమ్మట అది సరియేనా యని సందేహము. మరల కూడును, సరిపోవును. సరిపోయినట్లు తాను చూచినది నిజమేనా యని మరల సందేహము. కంప్యూటరు కూడి యిచ్చిన మొత్తమునుగూడ కాగితముపై తిరిగి వేసికొనెడివాడు. మధ్యాహ్నమునకు ముగియవలసిన చిట్టా సాయంత్రమైనను ముగియదు. తాళము వేసి సగము దారి వచ్చి, బండి వెనుకకు త్రిప్పెడివాడు. తోడివారు వేళాకోళమాడిరి. పై యధికారి చేతకానివాడని నిందించెను. రెండవయేట అతడు రాజీనామా ఇచ్చి, ఇంటికి వచ్చి, గది తలుపు మూసికొనెను.

తండ్రి వానిని నాయొద్దకు తీసికొనివచ్చి, “మాస్టారూ, మీ మాటంటే వాడికి గురి. నాలుగు చీవాట్లు పెట్టి దారిలో పెట్టండి” అనెను. నేనును పెట్టితిని. మగవానికి ఇంత పిఱికితన మేమని, బంగారమువంటి ఉద్యోగమును కాలదన్నితివని అరగంటసేపు మందలించితిని. అతడు తలవంచుకొని అంతయు విని, చివరకు ఒక్కమాట అనెను: “మాస్టారూ, తాళం వేశానని నాకు తెలుసు. కాని ఆ తెలిసినది నా దగ్గర నిలవదు. దోసిట్లో నీళ్లలాగా కారిపోతుంది.”

ఆ మాటతో నాకు సిగ్గు కలిగినది. చీవాట్లకు లొంగునది కాదని తెలిసికొని, తండ్రికి నచ్చజెప్పి, అతనిని జిల్లా ఆసుపత్రిలోని మానసిక వైద్యునియొద్దకు మేమిద్దఱమును తీసికొనిపోతిమి.

ఆ వ్యాధిని ఇంగ్లీషున అబ్సెసివ్ కంపల్సివ్ డిజార్డర్ అందురు, పత్రికలలో ఓ.సి.డి. యని వ్రాయుదురు. పట్టి విడువని తలంపు, చేయక తప్పని చేష్ట యని తెలుగున చెప్పుకొనవచ్చును. వలదన్నను మనసున జొరబడి పీడించు తలంపు మొదటి భాగము: చేతికి మురికి అంటినదేమో, తాళము పడలేదేమో, నావలన ఎవరికైన హాని కలిగినదేమో యని. ఆ తలంపు పుట్టించు భయమును అణచుటకై చేయు చేష్ట రెండవ భాగము: కడుగుట, చూచుట, లెక్కపెట్టుట, సర్దుట, కనబడినవారినెల్ల అడుగుట. తన తలంపు అర్థము లేనిదని రోగులలో చాలమందికి తెలియును, తెలిసియు మానలేరు. కనుక దీనిని పిచ్చి యనరాదు. 2015–16లో బెంగుళూరు నిమ్‌హాన్స్ సంస్థ నడపిన జాతీయ మానసికారోగ్య సర్వేలో ఈ వ్యాధి నూటికి ఒకరికి లోపుగా కనబడినది. స్వల్పమే యనుకొందురేమో. ఆ లెక్కను మూడువేలమంది పెద్దలున్న ఊరికి అన్వయించి చూచిన, ఇంచుమించు ఇరువదిమంది యగుదురు.

ఆ ఇరువదిమందియు మనకు కనబడక పోవుటకు కారణ మొకటి కలదు. మనము వారి బాధకు చాదస్తమని పేరు పెట్టి త్రోసివేయుదుము. చాదస్తమను మాటకు మూలము ఛాందసము. ఛందస్సనగా వేదము, వేదము చదివినవాడు ఛాందసుడు. లోకవ్యవహారము పట్టని పండితుని చూచి నవ్వినవారి నోట ఆ మాట దిగజారి, మూర్ఖపు పట్టుదలకు పేరైనది. అదియే మాటను మనము రోగికిని తగిలించుచున్నాము. ఆచారమునకును ఈ రోగమునకును భేదము తెలిసికొనుట కష్టము కాదు. మడి కట్టుకొను ఇల్లాలు స్నానము చేసి, మడిబట్ట కట్టుకొని, ఇక మడి కుదిరినదని నిశ్చింతగా వంటకు పోవును. రోగికి కడిగినకొలది మురికి మిగిలియున్నట్లే తోచును. ఆచారమునకు ముగింపు కలదు, అందు తృప్తి కలదు. రోగమునకు ఆ రెండును లేవు.

తృప్తి యేల కలుగదో తెలిసికొన్నచో, సాయమెట్లు చేయవలెనో తెలియును. 2003లో హాలండు దేశపు పరిశోధకు లిద్దఱు ఒక పరీక్ష ప్రకటించిరి. ఏ రోగమును లేని విద్యార్థులచేత కంప్యూటరు తెరపై గ్యాసుపొయ్యి బొమ్మను పలుమారులు ఆర్పించి, ఆరినదో లేదో చూపించిరి. పలుమారులు చూచినవారి జ్ఞాపకము తప్పిపోలేదు. కాని ఆ జ్ఞాపకము వారికి మసకగా తోచినది, దానిపై వారికి నమ్మకము సడలినది. అనగా సందేహము తీర్చుకొనుటకై చూచిన చూపే సందేహమును పెంచినది. అనుమానము పెనుభూతమని మన పెద్దలనిరి. ఆ భూతమునకు మేత వేసినకొలది బలియును.

ఈ సంగతి వైద్యులకు ఒక్కనాట తెలియలేదు. 1875లో లెగ్రాండ్ దు సోల్ అను ఫ్రెంచి వైద్యుడు దీనిని సంశయోన్మాదమను అర్థమిచ్చు పేరుతో వర్ణించెను. తరువాత చాలకాలము దీనికి తగిన చికిత్స దొరకలేదు. 1966లో లండనునందు విక్టర్ మేయర్ అను మనస్తత్వ శాస్త్రజ్ఞుడు క్రొత్త మార్గమును ప్రకటించెను. రోగిని అతడు భయపడు వస్తువువద్దకు తీసికొనిపోవుట, అటుపిమ్మట కడుగుట మొదలైన చేష్టను చేయకుండ ఆపుట, భయము తనంతట తాను తగ్గువఱకు తోడుండుట — ఇదియే ఆ మార్గము. నేడు దానినే మెట్టు మెట్టుగా, రోగి యంగీకారముతో నడపుదురు. దానికి తోడు ఫ్లూఆక్సెటిన్, సెర్ట్రలిన్ మొదలగు మందులు కలవు. ఈ మందుల గుణము కనబడుటకు 8 నుండి 12 వారములు పట్టవచ్చును. వారము దినములలో నయము కాలేదని మానివేయుట, కొంచెము కుదుటపడగనే వైద్యుని అడుగక ఆపివేయుట, రెండును హానికరములు.

ఇక ఉద్యోగము మాట. ఈ వ్యాధి తఱచుగా పదునెనిమిది, ఇరువదియేండ్ల ప్రాయమున, అనగా మనిషి జీవనోపాధి వెదకికొను వేళకే ముదురును. అప్పుడు ఇంటివారు, “ముందు రోగము కుదరనిండు, తరువాత ఉద్యోగము చూతము” అందురు. ప్రేమతో అన్నమాటయే, కాని ఇంట ఊరక కూర్చున్నవానికి రోగముతప్ప వేఱు వ్యాపకము ఉండదు. దినమంతయు దానికే అర్పితమగును. చేతిలో కాసు లేక, నలుగురిలో ముఖము చెల్లక, ఆశ సన్నగిల్లును. కొందఱు ప్రాణముమీదికి తెచ్చుకొందురు. తీవ్రమైన మనోవ్యాధులు గలవారి విషయమున అమెరికాలో బెకర్, డ్రేక్ అనువారు 1990 ప్రాంతమున మఱియొక పద్ధతిని రూపొందించిరి. రోగిని ఏండ్లతరబడి శిక్షణలో ఉంచి తరువాత పనికి పంపుటకు బదులు, అతడు కోరిన నిజమైన పనిలో త్వరగా చేర్చి, పనిలో నుండగనే చికిత్సను సాయమును అందించుట ఆ పద్ధతి. దానివలన ఎక్కువమంది కొలువులలో కుదురుకొనిరని పెక్కు దేశములలో తేలినది. ఈతకు దిగకయే ఈత నేర్చినవాడు లేడు గదా.

అయితే ఓ.సి.డి. గలవానికి చేయు సాయములో ఒక చిక్కు కలదు. నేటి ప్రసంగమునకు ఆయువుపట్టు ఇదియే. కుంటివానికి మెట్లు తీసి బాట వేసిన మేలే జరుగును. ఆ బాట అతని కాలికి చెఱుపు చేయదు. సంశయపీడితుని విషయము అట్లు కాదు. “తాళము వేసితినా?” యని అతడడుగగా, జాలిపడి “వేసితివి, వేసితివి” అని పదిసారులు చెప్పినవాడు రోగమునకు పదిసారులు మేత వేసినవాడగును. అతనికి బదులు మనమే పోయి చూచి వచ్చినను అంతే. తిట్టుట ఒక తప్పు. రోగము చెప్పినట్లెల్ల ఆడుట రెండవ తప్పు. ఇంటివారు మొదట మొదటి తప్పును, విసిగిపోయి తరువాత రెండవ తప్పును చేయుట కలదు. సాయము మనిషికి చేయవలెను, రోగమునకు చేయరాదు.

మాటలలో సులభముగా నున్న ఈ సూత్రము పనిలో ఎట్లుండునో నా శిష్యుని కథ చెప్పును. చికిత్స మొదలైన నాలుగు నెలలకు, మాకు తెలిసిన ధాన్యపు మిల్లు యజమాని యొకాయన అతనికి పని ఇచ్చుటకు ఒప్పుకొనెను. చేరుటకు ముందే యజమానియు, నా శిష్యుడును, వైద్యుని సలహాతో కొన్ని ఏర్పాట్లు చేసికొనిరి. రోగము సంగతి యజమానికిని పెద్ద గుమాస్తాకును తప్ప మఱెవ్వరికిని తెలుపరాదు. మొదటి నెల రోజునకు నాలుగు గంటల పని. పిమ్మట క్రమముగా పూర్తి దినము. ఏ పని ఎన్ని గంటలకు ముగియవలెనో ఉదయమే కాగితముపై వ్రాసి యిచ్చుట. బస్తాల లెక్కను మిల్లులో అందఱు గుమాస్తాలవలెనే ఒక్కసారి సరిచూచి, గీటు పెట్టి, పుట త్రిప్పుట. నెలాఖరున అందఱి లెక్కలను చూచునట్లే పెద్ద గుమాస్తా అతని లెక్కలను చూచుట. వైద్యుని చూచుటకు పదునైదు దినములకొకసారి ఒకపూట సెలవు.

వానిలో రెండు ఏర్పాట్లు ప్రత్యేకముగా చెప్పదగినవి. అతడు “సరిగ్గా ఉందా?” యని రెండవసారి అడిగినచో, పెద్ద గుమాస్తా కోపగింపక, “దానికి జవాబు నీకే తెలుసు నాయనా” అని ఊరకుండవలెను. ఈ మాట అనుటకు అతడే ముందుగా అనుమతి ఇచ్చెను. ఇక గిడ్డంగి తాళము. మొదటి ఆఱు వారములు ఆ పనిని మఱియొకరికి అప్పగించిరి. తరువాత అతనిచేతనే వేయించిరి; వేసి వెనుకకు చూడక రోడ్డుదాక నడువవలెను. మొదటి దినమున ఆ కొద్ది దూరము నడచుటకు అతనికి ఒడలంతయు చెమట పట్టినదట. నెల గడచునప్పటికి నడక మామూలైనది. తాళపు పనిని శాశ్వతముగా తప్పించియున్నచో అది దయవలె కనబడియుండును. కాని భయము ఎక్కడిదక్కడనే యుండెడిది. తాత్కాలికముగా తేలిక చేయుట, పిమ్మట మెట్టుమెట్టుగా ఆ తేలికను తీసివేయుట — రెండును కలిసిననే సాయము.

ఇందొక హెచ్చరిక. మెట్లు ఎన్ని, ఎప్పుడు ఎక్కవలెనన్నది వైద్యుడును రోగియు నిర్ణయించు మాట. శుభ్రతాభయము గలవానిమీద బురద చల్లి రోగము కుదుర్చుదుమనువారు వైద్యము చేయువారు కారు, హింసించువారు.

ఇట్టివారిని పనిలో పెట్టుకొనిన నష్టమే కదా యని శంకింపవలదు. ఇంగ్లీషు నిఘంటువును 1755లో వెలువరించిన సామ్యూల్ జాన్సను గుమ్మము దాటునప్పుడు అడుగులు లెక్కపెట్టుకొని, నియమించుకొన్న పాదమే ముందు పడునట్లు చూచుకొనెడివాడని అతని జీవితచరిత్ర వ్రాసిన బాస్వెల్ చెప్పెను. అది ఇట్టి వ్యాధియే కావచ్చునని నేటివారు కొందఱు తలచుచున్నారు. ఆయన నిఘంటువు మాత్రము లోకమునకు మిగిలినది.

ఇక చట్టము. 1995 నాటి వికలాంగుల చట్టము మానసిక వ్యాధిని వైకల్యములలో చేర్చినను, ప్రభుత్వోద్యోగములలో భాగము నీయలేదు. దాని స్థానమున వచ్చిన 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టము 2017 ఏప్రిల్ 19 నుండి అమలులోనికి వచ్చినది. అది గుర్తించిన 21 వైకల్యములలో మానసిక వ్యాధి యొకటి. ప్రభుత్వోద్యోగములలో దివ్యాంగులకు కేటాయించిన నూటికి 4 వంతులలో, మానసిక వ్యాధి, బుద్ధిమాంద్యము, ఆటిజము మొదలైనవాని కన్నిటికిని కలిపి 1 వంతు చెందును. అది అన్ని పదవులకును వర్తింపదు. అందులకై గుర్తించిన పదవులకే వర్తించును. అంతకన్న ముఖ్యమైనది 20వ సెక్షను. ప్రభుత్వ సేవలో నుండగా వైకల్యము కలిగినవానిని తొలగింపరాదు, పదవి తగ్గింపరాదు. ఉన్న పనికి తగడేని అదే జీతముతో మఱియొక పనికి మార్చవలెను. తగిన సర్దుబాట్లు చేయవలెను. సర్దుబాటనగా పైన మిల్లులో చూచినట్టివి: వేళలు, సెలవులు, పని పంపకము. ప్రైవేటు సంస్థలుగూడ సమానావకాశ విధానమును ప్రకటింపవలెనని 21వ సెక్షను చెప్పుచున్నది.

ఈ చట్టము కాగితముమీదనే నిలువలేదు. కేంద్ర రిజర్వు పోలీసు దళమున 2001లో చేరిన అధికారి యొకనికి కొన్నియేండ్లకు ఈ ఓ.సి.డి.యు, దానితో దిగులువ్యాధియు కలిగినవి. 2010లో అతనిపై క్రమశిక్షణ విచారణ మొదలైనది. వ్యాజ్యము సుప్రీము కోర్టు దాక పోయెను. 2021 డిసెంబరు 17న ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనము తీర్పు చెప్పుచు, మనోవైకల్యము గలవానిపై అట్టి విచారణ నడపుట పరోక్షమైన వివక్షయని, ఆ విచారణను కొట్టివేసెను. ప్రస్తుతపు పనికి తగడని తేలినచో జీతము తగ్గకుండ వేఱుపని చూపవలెననియు ఆదేశించెను. మన ఊరి బిడ్డ యెవడైన ప్రభుత్వ కొలువులో ఇట్టి బాధవలన సంజాయిషీ కాగితము నందుకొన్నచో, భయపడి రాజీనామా వ్రాయకముందు ఈ తీర్పును న్యాయవాదికి జ్ఞాపకము చేయుడు.

రిజర్వేషను పొందుటకు వైకల్యము నూటికి 40 వంతులకు తగ్గకుండ ఉన్నదని ప్రభుత్వ వైద్యుల ధ్రువపత్రము కావలెను. మన తెలుగు ప్రజలు సదరం శిబిరములని యెఱిగినవి ఇట్టి ధ్రువపత్రముల కొఱకు ఏర్పడినవే. మనోవైకల్యమును కొలుచుటకు 2002లో ఏర్పడిన కొలమానములో, లెక్కలోనికి తీసికొన్న నాలుగు వ్యాధులలో ఓ.సి.డి. యొకటి. తన పనులు తాను చేసికొనుట, నలుగురితో మెలగుట, మాటలాడి గ్రహించుట, ఉద్యోగము చేయుట — ఈ నాలుగింటిలో ఎంత కష్టమున్నదో, ఎన్నియేండ్లుగా నున్నదో చూచి అంకె వేయుదురు. ఆ శిబిరమునకు పోవునప్పుడు చికిత్స చీటీలన్నియు వెంట ఉంచుకొనుట మంచిది. ఓ.సి.డి. గలవారిలో అనేకులకు 40 వంతులు రావు. వచ్చినను కొందఱు ముద్ర పడునని కోరరు. అట్టివారికి ధ్రువపత్రముకన్న వివేకముగల యజమానియే మేలు చేయగలడు.

ఆ వివేకము చూపవలసినవారము మనమే. ఊళ్లలో పని ఇచ్చువారు, ఇప్పించువారు పెద్దలే. పరపతి సంఘమున, పాలకేంద్రమున, గుడి కమిటీలో, మిల్లులో, అంగడిలో మన మాట చెల్లును. పని ఆలస్యమగుచున్న మంచి పనివాని చూచినప్పుడు సోమరియని తీర్మానింపకముందు, చాటుకు పిలిచి, ఏమి బాధయని యడుగుడు. చెప్పినచో రహస్యమును కాపాడుడు. వైద్యునియొద్దకు పోవుటకు సెలవిండు. ఎవరిని అడుగవలెనో తెలియనిచో, 2022లో కేంద్ర ప్రభుత్వము ప్రారంభించిన టెలిమానస్ అను ఉచిత ఫోను సేవ కలదు. దాని సంఖ్య 14416. తెలుగుననే మాటలాడవచ్చును. హైదరాబాదు ఎఱ్ఱగడ్డలోను, విశాఖపట్టణములోను ప్రభుత్వ మానసిక వైద్యశాలలు కలవు.

నా శిష్యుడు ఆ మిల్లులోనే పనిచేయుచున్నాడు. వ్యాధి సమూలముగా పోలేదు. కొన్ని దినములలో సందేహము వచ్చి గుమ్మమువద్ద నిలుచునట. అతడు దానిని నిలువనిచ్చి, తాను ఇంటికి పోవుచున్నాడు. మొన్న సంక్రాంతికి నాకొక ఉత్తరము వ్రాసెను. వ్రాత వెనుకటివలెనే ముత్యాలపేరు. కాని నడుమ నొకచోట మాట తప్పు పడగా, దానిని అడ్డగీటుతో కొట్టి, ప్రక్కన సరియైన మాట వ్రాసి, కాగితము చింపక అట్లే పంపెను. పూర్వము అతని వ్రాతను తరగతిలో అందఱకు చూపి నేను మెచ్చుకొంటిని. ఈ కొట్టివేతను చూచి అంతకంటె సంతోషించితిని.